మళ్లీ అచ్చు, మళ్లీ అతుకు

శ్రోతలకు నమస్కారం. చేసిందే చేస్తూ పోతే అందులో కళ ఏముందని చాలామంది అంటారు. అలా అనేవాళ్లు ఒక్కసారి కృష్ణా జిల్లా పెడన వెళ్లి, చెక్క అచ్చులతో బట్ట మీద కలంకారీ అద్దే బల్ల దగ్గర కాసేపు నిలబడాలి.

బట్టను ముందే కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనుప తుక్కు, బెల్లం, నీళ్లు కలిపి రెండు మూడు వారాలు ఊరబెట్టిన ద్రావణం ఆ బట్టకు తగిలితే నలుపు తేలుతుంది. ఎరుపు అలా కాదు. పటిక అద్ది, ఉతికి, రంగు బానలో మరిగించాకే వస్తుంది. రంగుల సంగతి ఇంతటితో ఆపుతాను. నేను చెప్పాలనుకున్నది అతుకు గురించి.

అతుకంటే ఒక ముద్ర పక్కన రెండో ముద్ర కలిసే చోటు. టేకు చెక్క మీద తీగ చెక్కారనుకోండి. ఆ తీగ కుడి అంచున ఎంత ఎత్తులో బయటికి పోతుందో, ఎడమ అంచున సరిగ్గా అంతే ఎత్తులో లోపలికి రావాలి. లేకపోతే బట్ట నిండా తెగిన తీగలే. చెక్కేవాళ్లు అది చూసుకున్నాక మిగిలిన భారమంతా అద్దేవాళ్లది. రంగు పీల్చిన గుడ్డ పరిచిన తట్టలో అచ్చును తాకించాలి. పాత ముద్ర అంచుకు ఆనించి దించాలి. పైన గుప్పిటతో ఒక దెబ్బ వేయాలి. మళ్లీ తట్ట, మళ్లీ అంచు, మళ్లీ దెబ్బ.

15 సెంటీమీటర్ల అచ్చుతో 5.5 మీటర్ల చీర అద్దాలంటే నిలువునా ఒక్క వరసకే 36కు పైగా ముద్రలు పడతాయి. ముద్రకు అర మిల్లీమీటరు చొప్పున ఒకే పక్కకు జారినా, వరస చివరికి వచ్చేసరికి దాదాపు 2 సెంటీమీటర్లు వంకర పోతుంది. అందుకే చేయి తిరిగినవాళ్ల చూపు చేతిలో అచ్చు మీద ఉండదు, అప్పుడే వేసిన ముద్ర అంచు మీద ఉంటుంది. తేడా కనబడినా ఒక్క దెబ్బతో సరిచేయరు, అలా చేస్తే తీగ విరిగినట్టు కనబడుతుంది. తర్వాతి నాలుగైదు ముద్రల్లో కొంచెం కొంచెంగా సర్దుకొస్తారు. నా మటుకు నాకు కళంతా ఆ సర్దుబాటులోనే ఉంది.

తట్టలో రంగు ఎక్కువైతే చెక్కడపు సందుల్లో నిండిపోయి గీత మొద్దుబారుతుంది. తక్కువైతే పువ్వు నడిమధ్యన వెలిసినట్టు ఉంటుంది.

కొనేటప్పుడు పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. చీర పరిపించి, ఒకే పువ్వును నాలుగైదు చోట్ల చూడండి. అచ్చుకు గంటు పడి ఉంటే అది ప్రతి పువ్వులోనూ కనబడుతుంది, దాన్ని చూసి అనుమానపడకండి. చూడాల్సింది రంగు చిక్కదనం, అతుకు వెడల్పు. చేత్తో అద్దితే ఈ రెండూ ముద్ర ముద్రకూ కాస్త మారతాయి. ఎంత వెతికినా అతుకు దొరక్కుండా, చీరంతా ఒకే చిక్కదనం ఉంటే అది యంత్రం మీద వేసిన బట్టే కావచ్చు. దానికి చేతి అద్దకం ధర పెట్టకండి.