పిల్లల్లో డ్రగ్స్ వాడకం: మత్తు దిగే వేళలో కనిపించే గుర్తులు

నమస్కారం. పిల్లలు డ్రగ్స్ వాడుతున్నారేమో అని అనుమానం రాగానే చాలామంది తల్లిదండ్రులు మొదట చూసేది కళ్లు ఎర్రబడ్డాయా అని. కళ్లు నిద్ర చాలకపోయినా ఎర్రబడతాయి, ఎలర్జీకీ ఎర్రబడతాయి. పైగా మత్తు ఎక్కిన పిల్లలు ఇంట్లో ఉండరు. బయటే గడిపి, కళ్లలో చుక్కలమందు వేసుకుని, కాస్త తేరుకున్నాక వస్తారు. అంటే మీ కంటపడేది ఎక్కువగా మత్తు దిగిపోయే సమయమే. అందుకే దాని గురించే ఎక్కువ చెప్తాం.

హెరాయిన్ లాంటి నల్లమందు జాతి మత్తుమందులు చూడండి. అలవాటైన శరీరానికి చివరి డోసు పడిన 8 నుంచి 24 గంటల్లో ముక్కు కారుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ఆవలింతలు ఆగవు, రోమాలు నిక్కబొడుచుకుంటాయి, కాళ్లు పీకుతాయి, విరేచనాలవుతాయి. ఇంట్లో అందరూ జలుబో జ్వరమో అనుకుంటారు. కానీ అంత నలతగా ఉన్న పిల్లాడు కాసేపు బయటికి వెళ్లొచ్చేసరికి పూర్తిగా కోలుకుని ఉంటాడు. మామూలు జలుబు అలా పోదు. అదే మళ్లీ మళ్లీ జరుగుతుంటే గట్టిగా అనుమానించాలి.

కొకైన్, మెథ్ (మెథాంఫెటమిన్) లాంటి ఉత్తేజాన్నిచ్చేవి వాడితే ఇంకోలా ఉంటుంది. రాత్రుళ్లు నిద్రుండదు, తిండి ముట్టరు, పళ్లు నూరుతుంటారు. తర్వాత ఒక్కసారిగా కూలబడి రోజంతా పడుకుంటారు, లేచాక విపరీతమైన ఆకలి, దిగులు. గంజాయి రోజూ తాగేవాళ్లు మానేస్తే చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం మొదటి వారంలోనే ఎక్కువగా కనిపిస్తాయి. ఏళ్ల తరబడి తాగినవాళ్లలో కొందరికి పదేపదే వాంతులవుతాయి, వేడినీళ్ల స్నానం చేస్తేనే ఉపశమనం. గంటల కొద్దీ బాత్రూంలో ఉంటుంటే ఈ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

కంటిపాప కూడా పనికొస్తుంది, కానీ ఎప్పుడూ ఒకే గదిలో, ఒకే వెలుతురులో చూడాలి. మసక వెలుతురులో కూడా గుండుసూది మొనంతే ఉంటే నల్లమందు జాతిని అనుమానించాలి. మంచి వెలుతురులోనూ పెద్దదిగా ఉంటే ఉత్తేజాన్నిచ్చేవి కావచ్చు, లేదా నల్లమందు జాతి మత్తు దిగుతూ ఉండవచ్చు.

నోటి చుట్టూ పుండ్లు, బట్టలకు పెయింటు మరకలు, దగ్గరికొస్తే థిన్నర్ వాసన ఉంటే జిగురు, వైట్‌నర్, పెట్రోలు లాంటివి పీలుస్తున్నారేమో చూడాలి. పీలుస్తుండగా పట్టుకుంటే అరవకండి, వెంటపడకండి. ఆ రసాయనాల ప్రభావంలో ఉన్న గుండె భయంతో ఎగసే అడ్రినలిన్‌ను తట్టుకోలేక లయ తప్పి ఆగిపోవచ్చు. నెమ్మదిగా మాట్లాడి గాలి తగిలేచోటికి తీసుకురండి.

ఒక్క గుర్తుతో నిర్ణయానికి రావద్దు. డిప్రెషన్, థైరాయిడ్ సమస్య, బడిలో వేధింపులు కూడా ఇలాంటి మార్పులే తెస్తాయి. రెండు వారాలపాటు తేదీ, టైము వేసి నిద్ర, తిండి, మూడ్, డబ్బు ఖర్చు రాసుకోండి. డాక్టరుకు మీ అనుమానం కన్నా ఆ కాగితమే ఎక్కువ ఉపయోగపడుతుంది.

దొంగచాటుగా మూత్రం పరీక్ష చేయించడం మాకు సరైన పనిగా అనిపించదు. నమ్మకం పోతుంది, ఫలితమూ మోసం చేయొచ్చు. ఒక్కసారి తాగిన గంజాయి సుమారు 3 రోజులు, రోజూ తాగేవాళ్లలో 30 రోజుల దాకా కూడా కనిపిస్తుంది. హెరాయిన్ రెండు మూడు రోజులకే పోతుంది. ఫెంటనిల్ (నల్లమందు జాతిలోనే చాలా ఘాటైన మందు), పీల్చే రసాయనాలు మామూలు కిట్లలో చాలావరకు దొరకవు. కొన్ని జలుబు మందులు వాడినా తప్పుడు పాజిటివ్ రావచ్చు.

మత్తులో ఉన్నప్పుడు నిలదీయకండి, మర్నాడు మాట్లాడండి. 'డ్రగ్స్ వాడుతున్నావా' అని అడిగితే 'లేదు' అనేస్తారు. 'ఈ నెల్లో మూడు రాత్రులు నువ్వు నిద్రపోలేదు, ఏమైంది నాన్నా' అనండి. నిద్రమాత్రలు, ఆల్ప్రజోలం (ఆందోళన తగ్గించే మాత్ర) లాంటివి వాడుతున్నట్టు తేలితే మాత్రం లాక్కుని పారేయకండి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు సలహాతో మెల్లగా తగ్గించాలి.

పిలిస్తే పలకకపోయినా, ఊపిరి చాలా నెమ్మదించినా, పెదాలు నీలంగా మారినా వెంటనే అంబులెన్స్‌ను పిలవండి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నల్లమందు జాతి మత్తుకు విరుగుడైన నాలాక్సోన్ పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలే. మత్తుమందు ఒంట్లో అంతకన్నా ఎక్కువసేపు ఉండొచ్చు కాబట్టి, లేచి మాట్లాడుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.