రెండో డికాక్షన్ ఐసు

శ్రోతలందరికీ నమస్కారం.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అలాంటి ఒక మిట్టమధ్యాహ్నం మా బావగారు బస్సు దిగి, చెమటలు కక్కుతూ ఇంటికొచ్చారు. ఆయనకు కాఫీ పడందే మాట పెగలదు. ఈ ఎండలో వేడి కాఫీ ఏం తాగుతారులే, ఐస్ కాఫీ ఇద్దామనుకున్నాను. అప్పుడే దిగిన డికాక్షన్‌లో పాలు, పంచదార కలిపి, గ్లాసు నిండా ఐసుముక్కలు వేసి పోశాను. ఆయన ఫ్యాను కింద కూర్చుని ఊరి కబుర్లు రెండు చెప్పి గ్లాసు ఎత్తేసరికి ఐసంతా కరిగిపోయింది. ఒక గుక్క తాగి, "అమ్మాయ్, కాఫీ ఇచ్చావా, కాఫీ గ్లాసు కడిగిన నీళ్లిచ్చావా?" అన్నారు.

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. బళ్లో చదువుకున్నదే: గ్రాము ఐసు కరగడానికి 80 క్యాలరీల వేడి కావాలి. గ్రాము నీళ్లు ఒక డిగ్రీ చల్లబడితే వదిలేది ఒక్క క్యాలరీ. అంటే 80 డిగ్రీల వేడిమీదున్న కాఫీ మంచులా చల్లబడాలంటే, దాదాపు దాని బరువంత ఐసు కరగాలి. అర గ్లాసు కాఫీకి అర గ్లాసు నీళ్లు. నేను బావగారికిచ్చింది అదే.

అందుకని డికాక్షన్ మామూలుకంటే బాగా చిక్కగా దించాలి, ఐసు దగ్గరికి చేరేలోపే దాన్ని చల్లార్చాలి. రెండు గ్లాసులకు చెబుతాను. ఫిల్టర్ పై గిన్నెలో నాలుగు పెద్ద చెంచాల పొడి, అంటే 30 గ్రాముల దాకా వేసి, లోపలి బిళ్లతో మెల్లగా సర్దండి. గట్టిగా అదిమారా, తెల్లారినా చుక్క దిగదు. నీళ్లు తెర్లాక పొయ్యి కట్టేసి, అర నిమిషం ఆగి, ముందు పొడి తడిసేంత పోయండి. పొడి ఉబ్బాక మిగతావి. మొత్తం 150 మిల్లీలీటర్లు చాలు. పొడి తన బరువుకు రెట్టింపు నీళ్లు తనే తాగేస్తుంది కాబట్టి, కిందికి దిగేది 100 మిల్లీలీటర్ల లోపే ఉంటుంది. అది తేనెరంగులో ఉంటే లాభం లేదు. చెంచాతో ఎత్తితే చెంచా అడుగు కనబడకూడదు.

పంచదార వేడి డికాక్షన్‌లోనే కలిపేయండి. చల్లారాక వేస్తే ఇసకలా అడుగున కూర్చుంటుంది. పైన చేదు కషాయం, చివరి గుక్కలో పానకం!

ఇప్పుడు అసలు సంగతి. మొదటి డికాక్షన్ దిగాక పొడి పారేయకండి. మళ్లీ వేడినీళ్లు పోస్తే పల్చటి రెండో డికాక్షన్ దిగుతుంది కదా. మన ఇళ్లలో దానికి పెద్ద మర్యాదేమీ ఉండదు, పనిలో పనిగా ఎవరో తాగేస్తారు. దాన్ని చల్లార్చి, ఐసు ట్రేలో పోసి రాత్రి ఫ్రీజర్‌లో పెట్టేయండి. తెల్లారేసరికి నల్లటి కాఫీ ఐసు. ఇది గ్లాసులో కరిగినా కాఫీయే అవుతుంది. కబుర్లు ఎంతసేపు చెప్పుకున్నా ఫరవాలేదు.

పాలు మాత్రం కాచి, చల్లార్చి, మీగడ తీసి, ఫ్రిజ్‌లో పెట్టినవి కావాలి. మీగడ ఉంటే పెదవులకు పలుకులు తగులుతాయి, నాకైతే అది ఒళ్లు జలదరింపు. డికాక్షన్, పావు లీటరు పాలు, మూత గట్టిగా పట్టే సీసాలో పోసి ఓ నిమిషం బాగా కుదపండి. మజ్జిగ కవ్వంతో చిలికినా నురగ అంతే బాగా వస్తుంది. నల్ల ఐసుముక్కలు నాలుగేసి గ్లాసుల్లో వేసి, పైనుంచి పోసుకోవడమే.

పొడి సంగతి. మనం కొనే ఫిల్టర్ పొడి చాలావరకు షికోరీ కలిపినదే. షికోరీ ఒక మొక్క వేరు, ఎండబెట్టి వేయించి పొడి కొడతారు. అందులో కెఫీన్ ఉండదు, రంగూ చిక్కదనమూ ఇస్తుంది. కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని నిబంధన. పాళ్లు ప్యాకెట్ మీద ఉంటాయి, చూసి కొనండి. పాల ఐస్ కాఫీకి కాస్త షికోరీ ఉన్నదే బాగుంటుందని నా అభిప్రాయం, పాలకు ఎదురు నిలుస్తుంది. పాలు లేకుండా తాగాలంటే మాత్రం వద్దు. దానికి మన అరకు కాఫీ ఉంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, ఆ చెట్లకే మిరియాల తీగలు పాకుతుండగా గిరిజన రైతులు పెంచే అరబికా అది. 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఆ పొడి ముతకగా పట్టించి, 50 గ్రాములకు 400 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లు పోసి, ఫ్రిజ్‌లో పన్నెండు గంటలు వదిలేయండి. పొద్దున్నే పల్చటి గుడ్డలో వడకట్టండి, పిండొద్దు, మడ్డి దిగుతుంది. వేడి తగల్లేదు కాబట్టి చేదు తక్కువగా ఉంటుంది. సగం గ్లాసు ఇది, సగం సోడా, నాలుగు చుక్కల నిమ్మరసం. సోడా చివర్లో, గ్లాసు వంచి మెల్లగా పోయండి. లేకపోతే నురగంతా పొంగి బల్లమీదకొస్తుంది. పాలు పోసినదాంట్లో నిమ్మరసం పిండారంటే విరిగిపోతుందని వేరే చెప్పక్కర్లేదు.

రుచిగా ఉందని సాయంత్రం ఆరింటికి రెండో గ్లాసు పట్టకండి. చల్లగా ఉన్నా అది కాఫీయే, నిద్ర దగ్గరికి రాదు.

ఆ నల్ల ఐసు ట్రేకి మూత పెట్టండి, పక్కన రొయ్యలుంటే ఆ వాసన పట్టేస్తుంది. పైన ఒక కాగితం కూడా అంటించండి. మా ఇంట్లో ఎవరో చూసుకోకుండా ఆ ముక్కలు తీసి చుట్టాల సబ్జా నీళ్లలో వేసేశారు. పాపం వాళ్లు మొహమాటానికి తాగేశారు కూడా.

నమస్కారం.