తలుపు అవతలి మనిషి: 'ఆల్ ఆఫ్ అస్ స్ట్రేంజర్స్' రివ్యూ

నమస్కారం. ఆండ్రూ హేగ్ దర్శకత్వంలో 2023లో వచ్చిన 'ఆల్ ఆఫ్ అస్ స్ట్రేంజర్స్' గురించి ఈ వీడియోలో మాట్లాడుకుందాం. జపాన్ రచయిత తైచి యమాడా 1987లో వెలువరించిన నవల దీనికి ఆధారం. ఆ నవలను నొబుహికో ఒబయాషి 1988లోనే జపాన్‌లో సినిమాగా తీశారు. ముగింపును చర్చించేముందు చెబుతాను, చూడనివారు అక్కడ ఆపేయవచ్చు.

నవలలోని హరాదా విడాకులు తీసుకున్న టీవీ రచయిత. టోక్యోలో అతడుండే భవనంలో చాలా ఫ్లాట్లను ఆఫీసులుగా వాడుతుండడంతో, సాయంత్రం ఉద్యోగులు వెళ్లిపోగానే అది దాదాపు ఖాళీ అవుతుంది. సినిమా ఈ కథను లండన్‌కు తెచ్చి, ఇంకా ఎవరూ పెద్దగా చేరని ఒక కొత్త టవర్‌లో కథానాయకుడు ఆడమ్‌ను ఉంచింది. ఈ ఒక్క విషయంలో నా ఓటు నవలకే. పగలంతా సందడిగా ఉండి రాత్రికి నిర్మానుష్యమయ్యే భవనంలో ఒంటరితనం నగర జీవితపు లెక్కల్లోంచే పుడుతుంది. సినిమాలోని టవర్ మాత్రం చూడడానికి ఎంత అందంగా ఉన్నా, దర్శకుడు కావాలని ఖాళీ చేయించినట్టుంటుంది.

ఆడమ్ కూడా రచయితే. పన్నెండేళ్లు నిండకముందే కారు ప్రమాదంలో పోయిన తల్లిదండ్రులు, ఇప్పుడు దాదాపు తన ఈడువారిగా, పాత ఇంట్లో అతనికి కనిపిస్తారు. హేగ్ ఈ సన్నివేశాలను తాను చిన్నప్పుడు పెరిగిన ఇంట్లోనే చిత్రీకరించారు. నవలలో లేని ఒక కోణాన్ని కూడా ఆయన చేర్చారు: ఆడమ్ స్వలింగ సంపర్కుడు. ఆ మాట చెప్పగానే క్లెయిర్ ఫోయ్ పోషించిన తల్లి, తాను చనిపోయిన 1980ల నాటి భయాలతోనే స్పందిస్తుంది. ఆమెకు ప్రేమ లేక కాదు, కాలం అక్కడే ఆగిపోయింది గనుక.

సినిమాకు ప్రాణం తండ్రితో జరిగే సంభాషణ. బడిలో పిల్లలు వేధిస్తే ఆడమ్ గదిలో ఏడ్చేవాడు. ఆ ఏడుపు తండ్రికి వినిపించేది, అయినా ఆయన లోపలికి వచ్చేవాడు కాదు. ఎందుకు రాలేదని కొడుకు ఇన్నేళ్ల తరువాత అడిగితే, తండ్రిగా నటించిన జేమీ బెల్ ముఖంలో సిగ్గు, జాలి, నిస్సహాయత ఒకదాని వెంట ఒకటి కదులుతాయి. అరిచి ఏడ్చే నటన ఏమాత్రం లేదు. తల్లిదండ్రులు బతికున్నప్పుడే ఆ పిల్లవాడు ఒంటరి అని, ప్రమాదం ఆ ఒంటరితనానికి ఆరంభం కాదని మనకు తెలిసేది ఇక్కడే. నవలలో హరాదాకు కన్నవాళ్లు తిరిగి దొరకడమే పెద్ద సుఖం. ఆడమ్ వారికి జవాబు చెప్పాలి, వారినుంచి జవాబు రాబట్టాలి. నవలను తెరకు తేవడమంటే ఇంత ధైర్యం అవసరం.

ఇక్కడినుంచి ముగింపు గురించి. మొదట్లో, అదే టవర్‌లో ఉంటూ తరువాత ఆడమ్‌కు ప్రేమికుడిగా కనిపించే హ్యారీ (పాల్ మెస్కల్) తాగిన మత్తులో, విస్కీ సీసాతో ఆడమ్ తలుపు దగ్గరికి వస్తాడు. ఆడమ్ మర్యాదగానే అతన్ని పంపించేస్తాడు. నవలలో ఆ స్థానంలో కెయ్ అనే స్త్రీ ఉంటుంది. సినిమాలో హ్యారీ, నవలలో కెయ్ ఆ రాత్రే చనిపోయారని మనకు తెలిసేది చివర్లో. నవలలో కెయ్ ఆత్మ కోపంతో రగులుతుంది, కథ దెయ్యం కథగానే ముగుస్తుంది. హేగ్ ఆ కోపాన్ని తీసేసి, ఆడమ్ హ్యారీని దగ్గరకు తీసుకునేలా చేశారు. హారర్ అభిమానులకు ఇది చప్పగా అనిపించవచ్చు, వారిని తప్పుపట్టను. నాకు మాత్రం ఆ కౌగిలి సరైనదే అనిపించింది. అయితే దానిమీద పాట పెట్టి, ఆ ఇద్దరినీ ఆకాశంలో నక్షత్రంగా మార్చడం అనవసరం. హ్యారీ భయాన్ని ఆడమ్ విన్న చోటే దృశ్యాన్ని కత్తిరించి ఉంటే, మూసిన తలుపు తాలూకు నేరభావం ప్రేక్షకుడి మీద ఇంకా బరువుగా పడేది.