ఒమన్‌లో ఐదు రోజులు, ఒక నీటి వంతు

సభకు నమస్కారం. ఒమన్ చూసొచ్చిన సంగతులు చెప్పమని గ్రంథాలయం వాళ్ళు అడిగారు. ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో చాలామంది ఇళ్ళ నుంచి ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉన్నారు. మస్కట్ పేరు మనకు కొత్త కాదు. కానీ ఆ పేరు తలిస్తే మనకు గుర్తొచ్చేవి వీసా, ఏజెంటు, కంపెనీ, క్యాంపు, నెలనెలా వచ్చే డబ్బు. చూడ్డానికి వెళ్ళే దేశం అని మనం ఎన్నడూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

మా తమ్ముడు అక్కడికి పోయి పద్దెనిమిదేళ్ళు. "ఒక్కసారి రా అక్కా, నేను గూడ లీవు పెడత" అంటే జనవరిలో ఐదు రోజులకు వెళ్ళాను. వెళ్ళాక తెలిసింది, వాడు కూడా ఆ దేశం చూడలేదని. రూము, సైటు, సెలవు రోజున మత్రా బజారు, మస్కట్ శివాలయం. పద్దెనిమిదేళ్ళలో వాడు చూసింది అంతే. అది విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళు నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల వెళ్ళండి. ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది. రియాల్‌కు వెయ్యి బైసాలు. బైసా అంటే మన పైసానే. 1970 దాకా అక్కడ రూపాయలే నడిచాయి. మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరే రూపాయి నోటు కూడా అచ్చేసింది.

మస్కట్‌లో సుల్తాన్ ఖాబూస్ పెద్ద మసీదు ఉంది. ముస్లింలు కానివాళ్ళను శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో పొద్దున 8 నుంచి 11 వరకే రానిస్తారు. మేము పదకొండున్నరకు పోతే గేటు దగ్గరే ఆపేశారు. మర్నాడు మళ్ళీ వెళ్ళాం. ఆడవాళ్ళు తల, చేతులు, కాళ్ళు కప్పుకోవాలి. లోపలి తివాచీ 21 టన్నులు. ఇరాన్‌లో 600 మంది ఆడవాళ్ళు నాలుగేళ్ళు కూర్చుని 170 కోట్ల ముడులు వేశారట. షాండిలియర్ వైపు అందరూ తలెత్తి చూస్తున్నారు, నేను మాత్రం ఆ ముడులే చూస్తూ ఉండిపోయాను. గోడల ఇసుకరాయి ఇండియా నుంచి వెళ్ళిందే, 3 లక్షల టన్నులు.

గురువారం సాయంత్రం నిజ్వా చేరాం. మస్కట్ నుంచి కారులో గంటన్నర పైన. శుక్రవారం తెల్లారితే అక్కడ మేకల అంగడి. మన దగ్గర మేకలు ఒకచోట కట్టేసి ఉంటాయి, మనమే తిరిగి చూస్తాం. అక్కడ కొనేవాళ్ళు గుండ్రంగా నిలబడతారు. అమ్మేవాళ్ళు మేకను తాడు పట్టుకుని చుట్టూ తిప్పుతూ ధర అరుస్తారు. నచ్చినవాళ్ళు ఆపి, నోరు తెరిచి పళ్ళు చూస్తారు. ఆ పళ్ళు చూడడం మాత్రం అచ్చం మన అంగడే.

పక్కనే 17వ శతాబ్దపు కోట. కట్టడానికి 12 ఏళ్ళు పట్టిందట. ఖర్జూరం బస్తాలు ఒకదానిమీద ఒకటి పేరిస్తే, ఆ బరువుకు కారిన పాకం గచ్చులోని సన్న కాలువల గుండా వచ్చి చేరే గది ఉంది. శత్రువు లోపలికి వస్తే ఆ పాకమే మరగబెట్టి పైనుంచి పోసేవాళ్ళట.

నేను అసలు చెప్పాలని వచ్చింది ఫలజ్ గురించి. నిజ్వా దగ్గర బిర్కత్ అల్ మౌజ్ అనే ఊరుంది. పాడుబడ్డ మట్టి ఇళ్ళు, కింద అరటి, ఖర్జూర తోటలు. కొండ అడుగున సొరంగం తవ్వి, మోటారు లేకుండా వాలు మీదనే నీళ్ళు ఊళ్ళోకి తెచ్చారు. అదే ఫలజ్. ఇలాంటివి ఐదింటిని 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ ఊరి అల్ ఖత్మైన్ వాటిలో ఒకటి. ఒకచోట నీరు మూడు సమాన పాయలుగా చీలుతుంది.

ముందు తాగడానికి, తర్వాత ఖర్జూరానికి, మిగిలితే ఏటేటా వేసే పంటలకు. వంతు కొలిచేది కాలంతో. పగలు కర్ర నీడ చూసి, రాత్రి చుక్కలు చూసి లెక్కపెట్టేవాళ్ళు. సుమారు అర్ధగంట ఒక 'అథర్'. పంచడానికి ఒక మనిషి ఉంటాడు. ఆ పని చేసేవాణ్ణి 'అరీఫ్' అంటారు. మన చెరువుల కింద నీరటి ఉండేవాడు చూడండి, అదే పని. వాన లేని ఏడాది ఏటేటా వేసే పంటల నీళ్ళకు కోత పడుతుంది గానీ చెట్ల వంతు తెగదు. మన ఊరి చెరువు కింద బోర్లు పడ్డాక నీరటి పని పోయింది. అక్కడ ఇంకా సాగుతోంది. నాకు కడుపులో దేవినట్టయింది.

తోటలో ఒక పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి ఖర్జూరం, కహ్వా అనే అక్కడి కాఫీ ఇచ్చాడు. కప్పు అటూ ఇటూ ఊపితే చాలని అర్థం, లేకపోతే పోస్తూనే ఉంటారు. తమ్ముడు ప్యాంటు మడిచి కాలువలో కాళ్ళు పెట్టాడు. పిల్ల చేపలు వచ్చి మడమలు పొడుస్తున్నాయి. "అక్కా, మన తూము కాడ నీళ్ళు గూడ గిట్లనే సల్లగ ఉండె గదా" అన్నాడు.

పెద్దాయన చేతి వాచీ చూసుకుని లేచాడు. వంతు వచ్చింది. పక్క కాలువ మూసిన రాయిని, చుట్టూ కుక్కిన పాత గుడ్డలను తీయబోయాడు. ఎవరూ పిలవకుండానే మా తమ్ముడు వంగి రాయి రెండో పక్క పట్టుకున్నాడు. నీళ్ళు మలుపు తిరిగి అరటి పాదుల్లోకి పోయాయి. చివరి పాదు తడిసేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.