ట్రాక్ మీద టైరు గాలి: వేడి మీద చూసిందే లెక్క

అందరికీ నమస్కారం.

చెన్నై దగ్గరున్న ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి మొదటిసారి వెళ్తున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా బండి మీదే పోయి, అదే బండిని 3.7 కిలోమీటర్ల ట్రాక్‌లో తిప్పి, మళ్ళీ దాని మీదే తిరుపతికి వచ్చేవాళ్ళే ఎక్కువ. అందుకే ఇవాళ సస్పెన్షన్ జోలికి, గేర్ల జోలికి పోను. టైర్లో గాలి గురించే చెబుతాను. పైసా ఖర్చు లేకుండా మన చేతిలో ఉన్న సర్దుబాటు అదొక్కటే.

అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ట్రాక్‌కి ఎంత కొట్టించాల?" ఎవరో 30 అన్నారని 30 కొట్టించుకొని పోతారు. ఆ 30 చల్లటి టైరుదా, వేడెక్కిన టైరుదా అని అడిగినవాళ్ళు తక్కువ. అది తెలియకుండా ఆ అంకెకు అర్థమే లేదు.

ఇంటర్‌లో చదివిన లెక్కే ఇది. మూసిపెట్టిన గాలి వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. పొద్దున 30 డిగ్రీల దగ్గర గాలి కొలిచే గేజీ 30 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అనే కొలత) చూపించింది. వాతావరణ పీడనం 14.7 కలిపితే అసలు ఒత్తిడి 44.7. నాలుగైదు ల్యాపులు గట్టిగా తిరిగాక లోపలి గాలి 70 డిగ్రీలకు చేరిందనుకోండి. కెల్విన్లలో 303 కాస్తా 343 అయింది. అదే నిష్పత్తిలో 44.7 పోయి 50.6 వచ్చింది. అంటే గేజీలో దాదాపు 36. మనం ముట్టుకోకుండానే ఆరు పెరిగింది.

పెద్ద స్పోర్ట్స్ బైకులు చాలావాటికి కంపెనీ ముందు 36, వెనక 42 చెబుతుంది. వెనక మనిషి, సామాను, గుంతలు, గంటల తరబడి హైవే, అన్నీ లెక్కేసి పెట్టిన అంకెలవి. ట్రాక్ మీద మీరు ఒక్కరే. కానీ ప్రతి మలుపు ముందూ గట్టి బ్రేకు, ఆ తర్వాత బాగా వంచడం, వంచినచోటే యాక్సిలరేటర్. టైరు నలిగి వేడెక్కుతుంది. అదే లెక్కలో వెనక 42 పెట్టి వదిలేస్తే 50 దగ్గరికి పోతుంది. నేలకు ఆనే భాగం చిన్నదైపోయి, సరిగ్గా థ్రాటిల్ తెరిచే క్షణంలో వెనక చక్రం జారుతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడే కొంత తగ్గించి మొదలుపెట్టాలి. రోడ్డు టైర్లతో ట్రాక్‌కి వెళ్ళే పెద్ద బండ్లు చాలామటుకు 30 అటూ ఇటూ మొదలవుతాయి. టైరు కంపెనీ ట్రాక్‌కి వేరే అంకె ఇచ్చి ఉంటే అదే పాటించండి. గాళ్ళు లేని రేసు టైర్లు, అదే స్లిక్ టైర్ల సంగతి పూర్తిగా వేరు, ఇవాళ వద్దు.

మీలో ఎక్కువమందివి 150 నుంచి 400 సీసీ బండ్లు. వాటికి కంపెనీ చెప్పేదే ముప్పై చుట్టుపక్కల ఉంటుంది. పెద్ద బండివాళ్ళు పది తగ్గించారని మీరూ తగ్గించారంటే టైరు పక్కలు మెత్తబడి మలుపులో బండి ఊగుతుంది. తగ్గించినకొద్దీ గ్రిప్ పెరుగుతుందన్న మాట నమ్మొద్దు. ట్రాక్‌లో తిరిగే మొదటి విడతకి, అంటే మొదటి సెషన్‌కి, బండికి కంపెనీ అంటించిన స్టిక్కర్ మీద ఉన్న అంకెతోనే వెళ్ళండి.

అసలు పని ఆ సెషన్ అయ్యాక. బండి లోపలికి రాగానే స్టాండు వేయండి, హెల్మెట్ తీయకముందే గేజీ పట్టుకోండి. స్నేహితులతో మాట్లాడుతూ పది నిమిషాలు గడిపితే టైరు చల్లారుతుంది, మీరు చూసే అంకె అబద్ధం చెబుతుంది. గాలి కొట్టే పిన్ను మీద గేజీని నిటారుగా, గట్టిగా ఒక్కసారి నొక్కండి. పక్కకు వాలితే గాలి బుస్సుమంటుంది, అర పీఎస్ఐ పోయినట్టే. చల్లటి అంకె, వేడి అంకె, ఎండ ఎంత ఉంది, మూడూ పుస్తకంలో రాయండి. ఆరేడు కంటే ఎక్కువ పెరిగితే మొదట్లో గాలి తక్కువ ఉండి టైరు నలిగిపోతోందేమో చూడండి. అసలు పెరగకపోతే టైరు ఇంకా వేడెక్కలేదు, దాన్ని నమ్మి వంచొద్దు. సర్దేటప్పుడు ఒకసారికి ఒక పీఎస్ఐ, అంతే. మధ్యాహ్నం ఎండకు తారు కాలిపోతుంటుంది కాబట్టి పొద్దుటి లెక్క చెల్లదు, మళ్ళీ చూసుకోవాల్సిందే.

గేజీ మీ సొంతదై ఉండాలి. ఒక షాపు గొట్టం 30 అంటే ఇంకో షాపుది 33 అంటుంది. ఇంకోటి, కంప్రెసర్ ట్యాంకులో నీళ్ళు వదలని షాపులో గాలి కొట్టిస్తే తేమ కూడా టైర్లోకి పోతుంది, వేడెక్కినప్పుడు అది ఆవిరై ఒత్తిడి లెక్క తప్పుతుంది. నైట్రోజన్‌తో మనకు దక్కే లాభం ముఖ్యంగా అది పొడిగా ఉండటమే. పిన్ను మీద మూత మాత్రం మరవద్దు.

ఇదంతా చిన్న విషయం అనుకునేవాళ్ళు ప్రపంచ బైక్ రేసుల్లో పెద్దదైన మోటోజీపీలో 2025 థాయ్‌లాండ్ రేసు చూడండి. ముందు టైరుకి కనీసం 1.8 బార్, అంటే సుమారు 26 పీఎస్ఐ ఉండాలని అప్పటి నియమం. ముందున్న మార్క్ మార్కెజ్ ఒత్తిడి చాలక, కావాలనే తమ్ముడు అలెక్స్‌ని ముందుకు వదిలి వెనక చేరాడు. ముందు బండి వెనకే పోతే తగిలే గాలి తగ్గి టైరు వేడెక్కుతుంది. ఒత్తిడి కుదిరాకే మళ్ళీ దాటి గెలిచాడు.

ఇక తిరుగు ప్రయాణం. ట్రాక్‌లో తగ్గించిన గాలితో హైవే ఎక్కొద్దు. టైర్లు చల్లారాక స్టిక్కర్ అంకెకు కొట్టించుకొనే బయల్దేరండి. ఆ ట్రాక్ గాలితోనే తిరుమల ఘాట్ ఎక్కేద్దామని కొందరంటుంటారు. వెనక అమ్మనో నాన్ననో కూర్చోబెట్టుకొని నిదానంగా ఎక్కే దారిలో టైరుకి ట్రాక్ వేడి ఎక్కడిది? ఒత్తిడి పెరగదు, బరువుకు టైరు అణిగిపోతుంది. కొండకు పోయేటప్పుడు ఇద్దరికి చెప్పిన అంకే పెట్టండి.