విల్లా, తుపాకీనా? జింకల సీజన్ ముందు ఒక ఫోన్-ఇన్

(పెన్సిల్వేనియాలో ఉంటున్న తెలుగువాళ్ల కోసం శనివారం ఉదయం నడిచే ఇంటర్నెట్ రేడియో కార్యక్రమం నుంచి. ఫోన్ చేసినవారి పేర్లు తీసేశాం.)

యాంకర్: నమస్కారం. రెండు వారాల కింద ఒకావిడ ఫోన్ చేసి, పెరట్లో వేసిన చిక్కుడు పాదంతా జింకలు మేసేశాయని ఏడ్చినంత పని చేశారు. ఆ తర్వాత వచ్చిన మెసేజ్‌ల్లో సగం "వేటకు వెళ్లాలంటే ఏం చేయాలి?" అనే. అందుకే ఇవాళ ఒక పెద్దమనిషిని పిలిచాం. తెనాలి దగ్గర పల్లె ఆయనది. తొమ్మిదేళ్లు రైఫిల్‌తో వెళ్లి, తర్వాత విల్లుకు మారారు.

అతిథి: నమస్కారమండీ. తెనాలిలో ఉన్నన్నాళ్లూ కాకిని కూడా కొట్టినవాణ్ని కాదు. ముందే చెప్పేస్తున్నా.

యాంకర్: మొదటి కాల్ పిట్స్‌బర్గ్ నుంచి. చెప్పండి.

పిట్స్‌బర్గ్ కాలర్: నమస్తే అన్నా. నవంబరు ఆఖర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ అయిందంటే మా ఆఫీసులో సగంమంది అడవిలోనే ఉంటారు. ఈసారి నన్నూ రమ్మంటున్నారు, రైఫిల్ వాళ్లే ఇస్తారట. ఇంకొకతనేమో గన్ ఎందుకు, విల్లు పట్టు, అక్టోబరు నుంచే వెళ్లొచ్చు అంటున్నాడు. ఏది మంచిదంటారు?

అతిథి: నీది ఏ వీసా బాబూ?

పిట్స్‌బర్గ్ కాలర్: హెచ్-1బి. వీసాకీ దీనికీ సంబంధం ఏంటన్నా?

అతిథి: చాలా ఉంది. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి వీసాల మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. "నాది కాదు సార్, ఫ్రెండ్‌ది, కాసేపు పట్టుకున్నా" అన్నా కుదరదు. మినహాయింపు ఒకటుంది. అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ నీ దగ్గర ఉండాలి. అంటే లైసెన్స్ ముందు, రైఫిల్ తర్వాత. మనవాళ్లు దీన్ని తిరగేస్తారు. ముందు షూటింగ్ రేంజ్‌కి వెళ్లి ఫొటోలు పెడతారు, లైసెన్స్ సంగతి నిదానంగా చూద్దాం అనుకుంటారు. గ్రీన్‌కార్డ్ ఫైలు నడుస్తుండగా ఆ టెన్షన్ నీకెందుకు? తుపాకీ ముట్టుకునే ముందు నీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒక్క మాట అడుగు.

పిట్స్‌బర్గ్ కాలర్: మరి విల్లుకో?

అతిథి: ఫెడరల్ చట్టం లెక్కలో విల్లు తుపాకీ కాదు. ఇంటి దగ్గర రేపటి నుంచే ప్రాక్టీస్ మొదలుపెట్టొచ్చు. అడవికి వెళ్లాలంటే మాత్రం దానికీ లైసెన్స్ కావాలి. మొదటిసారి తీసుకునేవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. మామూలు లైసెన్స్ మీద ఆర్చరీ లైసెన్స్ వేరే.

యాంకర్: టైమ్ విషయంలో తేడా ఎంతుంటుంది?

అతిథి: అసలు తేడా అక్కడే. మన రాష్ట్రంలో రైఫిల్ సీజన్ థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం మొదలై రెండు వారాలే. విల్లుకు అక్టోబరు మొదట్లో మొదలై నవంబరు దాకా నడుస్తుంది. మగజింకలు జత కోసం తిరిగే రోజులు నవంబరు మొదటి సగంలో వస్తాయి. అప్పుడు అడవిలో ఉండేది విల్లువాడే. ఇంకో సంగతి. మనుషులుండే ఇంటికి 150 గజాల లోపల తుపాకీతో వేటాడకూడదు, విల్లుకైతే 50 గజాలు చాలు. జింకలేమో మన కాలనీల వెనకే కాపురం పెట్టాయి. పిట్స్‌బర్గ్ నగరం కూడా తన పార్కుల్లో జింకలు తగ్గించడానికి 2023లో విల్లువాళ్లనే పిలిచింది.

పిట్స్‌బర్గ్ కాలర్: అయితే విల్లే సేఫ్ అన్నమాట.

అతిథి: పక్కింటివాడికి సేఫ్. జింకకు ఎంత సేఫ్ అన్నది నీ చేతిలో ఉంది, అది తర్వాత మాట్లాడదాం. తుపాకీ సీజన్లో తల, ఛాతీ, వీపు మీద కలిపి 250 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు వేసుకోవాలి, ఎటు నుంచి చూసినా కనపడేలా. చప్పుడొచ్చిన వైపు కాల్చేవాళ్లు ఉంటారు కాబట్టే ఆ రూలు. ఏనుగు నీళ్లు తాగుతోందనుకుని దశరథుడు వేసిన శబ్దభేది ఏం చేసిందో మనకు తెలుసు కదా. ఆయన చేతిలో ఉన్నదీ విల్లే.

యాంకర్: (నవ్వు) హారిస్‌బర్గ్ దగ్గర నుంచి ఒక అమ్మగారు. చెప్పండమ్మా.

హారిస్‌బర్గ్ కాలర్: అన్నయ్యగారూ, మా ఆయన పోయిన నెల విల్లు కొన్నారండీ. లాగే బరువు 70 పౌండ్లట. గ్యారేజీలో రోజూ లాగుతున్నారు, రాత్రయితే భుజానికి నేను బామ్ రాస్తున్నాను. చెట్టు మీద కూర్చోడానికి స్టాండ్ కూడా కడతారట. ఆపితే ఆగేలా లేరు. మీరైనా చెప్పండి.

అతిథి: ఆపమని చెప్పనమ్మా, తగ్గించమని చెప్తాను. కాంపౌండ్ విల్లేనా, చివర్లలో చక్రాలున్నది?

హారిస్‌బర్గ్ కాలర్: ఆ, చక్రాలున్నాయండీ.

అతిథి: దానికి లాగే బరువు తగ్గించే బోల్టులుంటాయి, షాపులో చేసిపెడతారు. మన రాష్ట్రంలో జింకకు కనీసం 35 పౌండ్లు ఉంటే చట్టానికి చాలు. 50 దగ్గర పెట్టుకుని, కూర్చుని, చలికోటు వేసుకుని, విల్లును ఆకాశంలోకి ఎత్తకుండా తిన్నగా లాగగలిగితే అదే ఆయన బరువు. ఆ చక్రాలున్నందుకు పూర్తిగా లాగాక బరువు ఐదో వంతుకి పడిపోతుంది. 60 పౌండ్ల విల్లయితే చేతి మీద 12 పౌండ్లే నిలుస్తుంది. జింక చెట్టు చాటు నుంచి బయటికొచ్చేదాకా లాగిపట్టి ఆగొచ్చు. పాత తరహా విల్లుకు ఆ సుఖం లేదు, లాగిన బరువంతా వేళ్ల మీదే.

యాంకర్: మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ వేసేది కూడా ఈ కాంపౌండే కదా?

అతిథి: అదే. హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఆ పోటీల్లో 50 మీటర్ల నుంచి వేస్తారు. అది చూసి మనవాడు "నేను 30 గజాలైనా కొట్టలేనా" అనుకుంటాడు. కాగితం కదలదు కదండీ! బాణం సెకనుకు 270 అడుగులు వెళ్తే, 40 గజాల దూరానికి అర సెకను దగ్గర పడుతుంది. అల్లెతాడు చప్పుడు అంతకంటే చాలా ముందే జింక చెవిన పడుతుంది. పరిగెత్తడానికి అది ముందు కాళ్లు మడిచి కిందికి వంగుతుంది. ఊపిరితిత్తులకు వేసింది వీపు పైకి పోతుంది. రైఫిల్‌తో ఈ గొడవ లేదు, గుండు చప్పుడుకంటే ముందొస్తుంది.

హారిస్‌బర్గ్ కాలర్: మరి చెట్టు సంగతో అన్నయ్యగారూ?

అతిథి: విల్లు వేటలో నాకు భయం వేసేది చెట్టొక్కటేనమ్మా. బాణాలతో కంటే స్టాండ్ మీంచి పడి దెబ్బలు తగిలించుకునేవాళ్లే ఎక్కువ. ఒళ్లంతా పట్టే హార్నెస్ వేసుకోవాలి, నడుముకి కట్టే బెల్టు కాదు. అదీ పైకెక్కాక తగిలించుకుంటానంటే కుదరదు, నేల మీద కాలు తీసిన క్షణం నుంచి తాడుకు కట్టి ఉండాలి. విల్లు చేత్తో పట్టుకుని ఎక్కకూడదు. ఎక్కి కూర్చున్నాక వేరే తాడుతో పైకి లాక్కోవాలి. ఏ చెట్టో, ఎన్నింటికి దిగుతారో మీకు చెప్పి వెళ్లాలి. ఇవన్నీ చేస్తేనే ఫ్రీజర్లో చోటిస్తానని చెప్పండి.

హారిస్‌బర్గ్ కాలర్: మాంసం ఇంట్లోకి రానిస్తానో లేదో ఇంకా అనుకోలేదండీ! పిల్లలున్న ఇల్లు.

అతిథి: ఆ మాటకొస్తే విల్లు మాంసమే ఒక రకంగా మేలు. సీసం తూటా తగిలితే కంటికి కనపడని ముక్కలు గాయానికి దూరంగా కూడా చెదిరి ఉంటాయి. గన్ వాడేవాళ్లు రాగి తూటాలు కొనుక్కుంటే ఆ బాధ పోతుంది. గన్నయినా విల్లయినా చూసుకోవాల్సింది క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జింకల మెదడు జబ్బు. మన రాష్ట్రంలో 2012లో బయటపడింది. అది ఉన్న ప్రాంతాల నుంచి తల, వెన్నెముక బయటికి తేకూడదు. జింకకు పరీక్ష చేయించి, జబ్బుందని తేలితే మాంసం తినకుండా పారేయాలి. అన్నట్టు అడవి నుంచి రాగానే ఆయన ఒంటి మీద పిడుదులు చూడండి. లైమ్ జబ్బు వాటివల్లే వస్తుంది. అక్టోబరులో కూడా ఉంటాయి అవి.

యాంకర్: తర్వాతి కాల్... కొడుకు దగ్గరికి వచ్చిన ఖమ్మం పెద్దాయన. నమస్కారం బాబాయ్‌గారూ.

ఖమ్మం పెద్దాయన: నమస్తే నాయనా. ఇందాకట్నుంచి వింటున్నా. మా దగ్గర జింకను ముట్టుకుంటే జైలు. మీరు రేడియోలో పాఠం చెప్తున్నరు!

అతిథి: నిజమేనండీ. మనకు 1972 వన్యప్రాణి చట్టం ఉంది, గన్నయినా విల్లయినా నేరమే. పైగా తెలంగాణకు మచ్చల జింక, ఆంధ్రకు కృష్ణజింక రాష్ట్ర జంతువులు. ఇక్కడి కథ వేరు. 1895లో వేట వ్యవహారాలు చూసే పెన్సిల్వేనియా గేమ్ కమిషన్ పెట్టేనాటికి ఇక్కడా జింకలు దాదాపు అయిపోయాయి. వేరే రాష్ట్రాల నుంచి రైళ్లలో తెచ్చి వదిలారు. తినే తోడేళ్లను మనుషులే తుడిచిపెట్టేశారు, ఇక అవి పెరగక ఏం చేస్తాయి? అడవిలో కొత్త మొక్క లేవనివ్వవు, రాత్రిపూట కార్లకు అడ్డం పడతాయి. అందుకే ఎన్నింటిని కొట్టాలో ప్రభుత్వమే లెక్కగట్టి లైసెన్సులిస్తుంది. ఆ మాంసం అమ్మడం మాత్రం ఇక్కడా నేరమే.

ఖమ్మం పెద్దాయన: మా తాత చిన్నప్పుడు కోయోళ్ల విల్లు చూసిండట, వెదురు బద్దతోనే నారి. చక్రాలు లెవ్వు, బోల్టులు లెవ్వు.

అతిథి: వాళ్లకున్న ఓపిక మనకు లేదు కాబట్టే చక్రాలు పెట్టుకున్నాం బాబాయ్‌గారూ.

యాంకర్: ఆఖరి కాల్, ఈరీ నుంచి. లైన్లో చాలాసేపటి నుంచి ఉన్నారు. క్షమించండి.

ఈరీ కాలర్: పర్లేదండీ. నేను ఆరేళ్లుగా రైఫిల్‌తో వెళ్తున్నాను. పోయినేడు విల్లు మొదలుపెట్టాను. నవంబరులో ఒక ఆడజింకను వేశాను. దొరకలేదు. అప్పట్నుంచి ఆ విల్లు ముట్టుకోలేదు. మళ్లీ గన్‌కే వెళ్లిపోవాలా అని.

అతిథి: ఎంత దూరం?

ఈరీ కాలర్: ముప్పై రెండు గజాలు.

అతిథి: ఎలా నిలబడింది?

ఈరీ కాలర్: అడ్డంగానే ఉంది. వదిలే టైముకి కాస్త నావైపు తిరిగినట్టుంది.

అతిథి: బాణం దొరికిందా? దానిమీద ఏముంది?

ఈరీ కాలర్: దొరికింది. రక్తం తక్కువ... పచ్చగా, వాసన.

అతిథి: ఎంతసేపు ఆగి వెతికారు?

ఈరీ కాలర్: పావుగంట. చీకటి పడుతోందని.

అతిథి: (కాసేపు ఆగి) పొట్టకు తగిలిందండీ. నురగతో లేత ఎరుపు రక్తమైతే ఊపిరితిత్తులు. అరగంట ఆగి వెళ్తే వంద గజాల్లోపు పడి ఉంటుంది. ముదురు ఎరుపైతే కార్జం, కొన్ని గంటలు ఆగాలి. పచ్చగా వాసనొస్తే పేగులు. అప్పుడు చప్పుడు చేయకుండా వెనక్కొచ్చి, ఎనిమిది గంటలైనా ఆగి, తెల్లారాక వెళ్లాలి. అది దగ్గర్లోనే ఎక్కడో పడుకుని ఉంటుంది. మీరు పావుగంటకే వెళ్లేసరికి లేచి పోయింది. తుపాకీ గుండు దెబ్బకు ఒళ్లు అదిరిపోతుంది, సరైన చోట తగిలితే చాలాసార్లు అక్కడికక్కడే కూలుతుంది. బాణం అలా కాదు, ములుకు కోసిన మేరకు రక్తం పోయే చస్తుంది. కోయాల్సిన చోట కోయకపోతే... మీకు తెలుసు కదా.

ఈరీ కాలర్: తెలుసండీ.

అతిథి: నాదీ ఒకటి పోయింది. విల్లు పట్టిన రెండో ఏడు. పక్క పొలంలోకి వెళ్లింది, రైతు పర్మిషన్ కోసం తలుపు కొట్టేసరికి రాత్రి పది. మర్నాడు ఆయనా నేనూ కలిసి వెతికాం, గద్దలు చూపించాయి. మాంసం పనికి రాలేదు. ఇప్పుడైతే పట్టీ కట్టిన కుక్కతో వెతికేవాళ్లున్నారు, ఇక్కడ చట్టం ఒప్పుకుంటుంది. సీజన్ మొదలయ్యేలోపే ఒకరి నంబరు దగ్గర పెట్టుకోండి.

ఈరీ కాలర్: అంటే గన్ మానొద్దంటారా, విల్లు మానొద్దంటారా?

అతిథి: గన్‌కి వెళ్తే ఓడిపోయినట్టేం కాదండీ. వంద గజాల్లో రైఫిల్ పక్కాగా వేసేవాడు, ముప్పై గజాల్లో వణుకుతూ బాణం వేసేవాడికంటే జింకకు మేలు చేసినట్టే. విల్లే కావాలంటే స్టాండ్ చుట్టూ ఇరవై గజాల దగ్గర చెట్లకు రిబ్బన్లు కట్టండి. రిబ్బన్ బయట ఉన్నదాన్ని చూసి ఆనందించండి, అంతే. అడ్డంగా నిలబడాలి, లేదా కొంచెం అటు తిరిగి ఉండాలి. ముందు కాలు ముందుకు వేసినప్పుడు జబ్బ వెనక వేయాలి. మీవైపు తిరిగి ఉంటే వదలొద్దు.

ఈరీ కాలర్: అలా అయితే సీజనంతా ఉత్త చేతులతో రావాల్సి వస్తుందేమో?

అతిథి: వస్తుంది. ఆ పోయిన జింక తర్వాత నాకు మూడేళ్లు అలాగే వచ్చింది.

ఈరీ కాలర్: మూడేళ్లా!

అతిథి: మూడేళ్లు. ఉడతలు నా బూటు మీదుగా వెళ్లేవి. మా ఆవిడ అయితే టిఫిన్ బాక్సులో పులిహోర పెట్టి, "ఇవాళైనా దాన్ని చూసి రా, కొట్టకపోయినా పర్లేదు" అని పంపేది. ఇంతకీ ఆ విల్లు తాడుకి మైనం రాశారా? పోయిన నవంబరు నుంచి ముట్టుకోలేదన్నారు కదా, లాగే ముందు ఒకసారి షాపులో చూపించండి. పోగులు లేచి ఉంటే మార్పించాలి.