గోడ మీద ఎవరి పేర్లు

సభాధ్యక్షులకు, సంఘ పెద్దలకు, విద్యార్థులకు వందనములు. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆవరణలోని ప్రొటెస్టెంట్ చర్చి చరిత్ర చెప్పమని నన్ను హనుమకొండకు పిలిచారు. తొలి రెండున్నర శతాబ్దాలను త్వరగా దాటేస్తాను. 1636లో ప్యూరిటన్లు, అంటే ఇంగ్లండు నుంచి వలస వచ్చిన నిష్ఠాపరులైన ప్రొటెస్టెంట్లు, స్థాపించిన ఆ విద్యాలయంలో ప్రతి విద్యార్థీ ఉదయ ప్రార్థనకు రాక తప్పేది కాదు. 1886లో ఆ నిర్బంధాన్ని ఎత్తివేశారు. బలవంతం పోయినా ప్రార్థన ఆగలేదు, ఇష్టమున్నవారితో నేటికీ జరుగుతూనే ఉంది.

నేను ఆగదలచినది 1932 దగ్గర. విద్యాలయపు పాత ప్రార్థనాలయమైన ఆపిల్టన్ చాపెల్‌ను తొలగించిన చోట కట్టిన మెమోరియల్ చర్చిని ఆ ఏడు నవంబరు 11న, అంటే మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన తేదీనాడే, ప్రతిష్ఠించారు. ఆ యుద్ధంలో మరణించిన 373 మంది హార్వర్డ్ వారి పేర్లను లోపల చెక్కించారు. అయితే అక్కడ చదివి, జర్మనీ పక్షాన పోరాడి చనిపోయినవారు నలుగురున్నారు. వారికీ ఆ చర్చిలోనే ఒక లాటిన్ ఫలకం ఉంది. వేర్వేరు జెండాల కింద తమ దేశం కోసం ప్రాణాలిచ్చిన తన బిడ్డలను హార్వర్డ్ మరచిపోలేదని దాని భావం. అంతకుముందు అమెరికా అంతర్యుద్ధంలో మరణించినవారికి కట్టిన మెమోరియల్ హాలులో, దక్షిణాది పక్షాన పోరాడిన పూర్వ విద్యార్థులకు చోటివ్వలేదన్న సంగతి తెలిస్తే, ఈ చిన్న ఫలకం వెనుక ఎంత పెద్ద మాట ఉందో అర్థమవుతుంది.

అయ్యా, అమ్మా, శత్రువుల పక్షాన నిలిచినవారి పేర్లే ఒక చర్చి గోడకెక్కగా, మన మందిరాలు కట్టిన మనవారి పేర్లు ఏవి? మా నానమ్మ బైబిల్ ఉమన్, అంటే ఆడవాళ్లకు బైబిలు చెప్పే మిషను సేవకురాలు. వాడవాడకూ నడిచి ఆడవాళ్లకు అక్షరాలు నేర్పింది, గుడి కట్టేటప్పుడు గంపలతో మట్టి మోసింది. ఆ గుడి శిలాఫలకం మీద దొరగారి పేరుంది, దొరసాని పేరుంది, ప్రారంభించిన అధికారి పేరుంది. మా నానమ్మ పేరు లేదు, ఆమెతో మట్టి మోసిన ఒక్కరి పేరూ లేదు. చదవడం వచ్చిన నాటినుంచి ఆ రాయిని చదువుతున్నాను, ఆ బాధ నన్ను విడవలేదు.

తొలినాళ్లలో హనుమకొండకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు తమ నివేదికలను పంపినది హార్వర్డ్‌కు చార్లెస్ నది ఆవల ఉన్న బోస్టన్ నగరానికే. ఆ నివేదికల పట్టికలలో బైబిల్ ఉమన్‌లు ఒక గడిలో అంకెగా మిగిలారు. మెదక్ కెథడ్రల్ అనగానే దాన్ని కట్టించిన మిషనరీ పాస్నెట్ దొరను తలుస్తాం, తలవవలసిందే, కానీ కరవు కాలంలో అక్కడ రాళ్లు మోసిన కూలీలలో ఒక్కరి పేరు ఈ సభలో ఎవరైనా చెప్పగలరా?

చరిత్ర విద్యార్థులారా, హార్వర్డ్ గురించి మరో వ్యాసం రాయకపోయినా నష్టం లేదు. మీ ఊరి సంఘంలోని బాప్తిస్మపు రిజిస్టరు, పెళ్లిళ్ల రిజిస్టరు, చందాల పుస్తకం చెదలు తినకముందే తెరవండి. ప్రతి పుటనూ ఫోటో తీయండి. ఎనభై దాటిన పెద్దమ్మల దగ్గర కూర్చుని, ఏ గోడ ఎవరు కట్టారో అడిగి రాసుకోండి. సంఘ పెద్దలారా, మీ బీరువాల తాళాలు ఈ పిల్లలకు ఇవ్వండి, వచ్చే ఆదివారమే ఇవ్వండి.